వెనక్కి నడిచిన ఫట్‌ఫటి

కేతేపల్లి,
12 జూన్ 2022

సమస్త గొర్లకు, మేకలకు, వాటిని కాసే మనుషులకు, కేతేపల్లి నుంచి నకిరేకల్ దాకా ఉన్న టీకొట్ల పెద్దలకు చాటింపు వేయడమేమనగా: నేటి నుండి ఐలేశం అను నేను కాలినడకన తిరుగువాడను కాను. ఎదురుపడిన వారు పక్కకు జరగవలెను. జరగనివారి కాళ్లకు నా పూచీ లేదు.

బావా వెంకటరాజం,

పై చాటింపు నీకు కూడా వర్తిస్తుంది. నేను ఫట్‌ఫటి మోటారుసైకిలు కొన్నాను. కట్టంగూర్ గుర్వయ్య బర్ల కొట్టంలో పన్నెండేళ్లుగా పడి ఉంది. నువ్వు ఇరవై ఏండ్లు చీరల మూటలు కట్టుకుని తిరిగావే, అదే రకం. రంగు ఏమిటని అడగకు. తుప్పుకు ఏ రంగు ఉంటుందో అదే.

బదులుగా ఒక పొట్టేలుపిల్లను ఇచ్చాను. గుర్వయ్య పిల్లను తీసుకున్నాడు గానీ బండిని వెంటనే ఇవ్వలేదు. సీటులో కోడి పొదిగింది. "పిల్లలు లేచేదాంక ఆగు అయ్యా, తల్లిని లేపితే పాపం తగుల్తది" అన్నాడు. ఒక కోడి దయకోసం నేను రెండు వారాలు ఎదురుచూశాను. చివరికి గొర్ల ట్రాలీలో వేసుకుని తెస్తుంటే, దారిలో మా పెద్ద పొట్టేలు దాని ముందు లైటును శత్రువనుకుని ఒక్కటి గుద్దింది. ఉన్న ఒక్క అద్దం అట్ల పోయింది.

మా ఇంటిది భద్రమ్మ బండి చుట్టూ తిరిగి చూసింది. "గొర్రెపిల్ల నడుస్తది. ఇది నడవది. నడిచేదాన్ని ఇచ్చి నడవనిదాన్ని తెచ్చినవ్. మొగోని తెలివంటే గిదే మల్ల" అంది.

ఇదంతా ఫోన్‌లో చెప్పాల్సిన సంగతి. కానీ ఉగాది ముందు నీకు ఎడమ కాలు చెయ్యి పట్టుతప్పి, మాట ముద్దయినప్పటి నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. చూడటానికి వస్తే గోడవైపు తిరిగి పడుకున్నావు. ఊరి వరసకే బావవైనా ఏడో తరగతి రెండుసార్లు కలిసి తప్పినవాళ్లం, ఆ గోడకంటే నేనేం తక్కువ? సరే, కుడిచెయ్యి బాగానే ఉంది కదా. కాయితానికి నత్తి ఉండదు. రాయి. ఈ బండిని ఎక్కడ నుంచి మొదలు పెట్టాలి?

సారు నేర్పిన రాతభాషలోనే రాస్తున్నాను. మధ్యలో నోరు జారితే ఫికర్ చెయ్యకు.

నీ ఐలేశం

*

చౌటుప్పల్,
20 జూన్

ఐలేశా,

ఉత్తరం అందింది. నవ్వు రాలేదు. నీ రాతభాష గొర్రెకు ధోతి కట్టినట్టుంది.

బండి తిరిగి ఇచ్చెయ్యి. పిల్లను తెచ్చుకో.

నా సంగతి చెప్పడానికి ఏమీ లేదు. దవాఖానలో ఒక అమ్మాయి ఉంది, నా బిడ్డ వయసు కూడా ఉండదు. నోరు బార్లా తెరిచి ఏవో మూడు కూతలు కూయమంటుంది. కూస్తే మాట తిరిగి వస్తుందట. నేనేమన్నా అంగన్‌వాడి పిల్లగాణ్ణా? కూయలేదు. ఇక అటు పోను కూడా.

మాట లేకుంటే మగ్గం ఆగుతుందా అని మా ఇంటిది రాజమణికి సైగ చేశాను. "మగ్గం గూడ ఆగింది గద" అని ఆమె నోటితోనే చెప్పింది.

ఇక రాయకు.

వెంకటరాజం

ఒకవేళ బండి ఇవ్వనంటే మాత్రం, ప్లగ్గు విప్పి ఇసుక కాయితంతో రుద్దు. ఆ రకం బండికి పెట్రోలులో నూనె కలిపి పోయాలి. మరిస్తే ఇంజిను పట్టేస్తుంది.

*

కేతేపల్లి,
3 జూలై

బావా,

నువ్వు రాయవద్దన్నావు. నేను చదవలేదనుకో.

నువ్వు చెప్పినట్టే చేశాను. ప్లగ్గు రుద్దాను, నా వేలు కూడా రుద్దుకుపోయింది. పెట్రోలులో నూనె కలిపాను. కిక్కు కొట్టాను. కొట్టాను, కొట్టాను, నా ప్రాణం పోయే ముందు బండికి ప్రాణం వచ్చింది. ఆహా బావా, ఆ చప్పుడు! వెనక నుంచి పొగ లేచింది. పొగ వాసన మాత్రం కమ్మగా ఉంది.

పక్కింటి నర్సింగమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఏం ఐలేశా, వానపూట మిర్చీలు ఏస్తున్నవా?"

"లేదు పిన్నీ, బండి నడుపుతున్నా."

"నడుపు గనీ, నాకు నాలుగు పెట్టు. జర మెత్తగ కాల్చు, పండ్లు లెవ్వు."

అప్పటికే వాకిట్లో ముగ్గురు పిల్లలు, ఒక కుక్క. నా బండికి వచ్చిన మొదటి జనం మిర్చీబజ్జీ కోసం వచ్చిన జనం. అప్పుడు వంటింట్లోంచి భద్రమ్మ కేక: "నా పల్లినూనె డబ్బ ఏదీ?"

నువ్వు నూనె అన్నావు. ఏ నూనె అన్నావా? మా ఇంట్లో నూనె అంటే ఒకటే. దానితోనే కూర, దానితోనే దీపం, దానితోనే నా మోకాళ్లు. బండి దర్వాజ దాకా ఊగుతూ పోయి జిడ్డు కక్కి ఆగింది.

ఇక నా వల్ల కాదని కార్బురేటరును సంచిలో వేసుకుని బస్సెక్కి కట్టంగూర్ పోయాను. అక్కడ హైవే పక్కన యోహాను అని ఒక మేస్త్రీ ఉన్నాడు. ఆరడుగుల మనిషి. మీసాలకు గ్రీజు అంటిందో, గ్రీజుకే మీసాలు మొలిచాయో తెలియదు. సంచిలోకి ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఎవ్వడయ్యా నీకు నూనె పొయ్యుమని చెప్పింది?"

"చౌటుప్పల్‌ల మా బావ. మగ్గం నేస్తడు. బండ్ల సంగతి బాగ తెలుసు."

"తెలుసా! మగ్గం గుంటల కూసున్నోడికి ఇంజిను ఏం కనవడ్తది? నడుం దాంక భూమిల ఉంటడు గద!" అని నవ్వాడు. ఆ నవ్వుకు షెడ్డు రేకులు కదిలాయి.

నేను నీ తరఫున గట్టిగా మాట్లాడాలనుకున్నాను. కానీ ఆయన చేతిలో పెద్ద పానా ఉంది.

నీ ఐలేశం

*

చౌటుప్పల్,
11 జూలై

ఐలేశా, ఓ గొర్రెల మందలో పెద్ద గొర్రా,

నూనె అంటే ఇంజిన్ ఆయిల్. పెట్రోలు బంకులో డబ్బాల్లో అమ్ముతారు. నా నోట నూనె అంటే అదే. ఆ మాట మీ వంటింటి దాకా పోతుందని నాకేం తెలుసు?

ఇప్పుడు విను. టాంకీ విప్పి గుప్పెడు కంకర వేసి, సబ్బునీళ్లు పోసి ఊపు. తుప్పూ నీ బజ్జీ జిడ్డూ రెండూ పోతాయి. కార్బురేటర్ సన్న బెజ్జంలోకి సూది పెట్టకు, బెజ్జం పెద్దదవుతుంది. నోటితో ఊదు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు పోస్టుకార్డు దూరేంత ఉండాలి, నీ వేలు దూరేంత కాదు.

టైర్ల లోపలి పాత ట్యూబులను పారెయ్యకు. సాగేవి ఉంటే పంపు. పట్టీలుగా కోసి నూలుకు చిటికి కడతాం. పట్టీ కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పితే తెల్లగా పువ్వు మిగులుతుంది. ఎడమచేతి వేళ్లు ఊరికే పడి ఉన్నాయి. కట్టగలవో లేదో చూస్తాను. పెద్ద ఆశ ఏమీ లేదు.

ఇక ఆ యోహాను సంగతి. నడుం దాకా భూమిలో ఉంటానా? ఉంటాను. గుంటలో కూర్చునే, ఏ పోగు ఎక్కడ తెగిందో చప్పుడును బట్టి చెప్తాను. నా బండి ఇరవై ఏండ్లలో ఒక్కసారి కూడా మేస్త్రీ ముఖం చూడలేదు. ఈ మాట వానికి చదివి వినిపించు. పానా కింద పెట్టించి వినిపించు.

వెంకటరాజం

*

కేతేపల్లి,
31 జూలై

బావా,

ట్యూబులు గొర్ల వ్యానులో పంపాను, ముట్టాయనుకుంటాను. వాసన వస్తే అది ట్యూబులది కాదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. కార్బురేటరును ఊదీ ఊదీ నా బుగ్గలు సన్నాయి వాయించేటోడి బుగ్గల్లాగ అయ్యాయి. పాయింట్ల సందులో నీ ఉత్తరాన్నే మడిచి దూర్చాను, పోస్టుకార్డు దొరకలేదు. బంకుకు పోయి సరైన నూనె కూడా తెచ్చాను. కిక్కు కొట్టాను. బండి స్టార్టయింది!

జనం జరిగారు. భద్రమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నేను తువ్వాల తలకు చుట్టి, మొదటి గేరు వేసి, క్లచ్చు వదిలాను. బండి బయలుదేరింది. నేను ముందుకు చూస్తున్నాను. బండి వెనక్కి పోతోంది.

ఒట్టు బావా. ముందు గేరులో వెనక్కి! బ్రేకు తొక్కితే కాలు నేలకు ఆనింది. పెంటకుప్ప దాకా పోయి అందులో నడుం దాకా కూర్చున్నాను. మగ్గం గుంటలో నీలాగ.

భద్రమ్మ ఏమందో రాయమంటావా? "ఇన్నొద్దులకు మర్యాద నేర్చినవ్. పోయేటప్పుడు వీపు సూపియ్యకుంట మొఖం సూపిచ్చుకుంట పోయినవ్."

కడుక్కుని మళ్లీ కట్టంగూర్ పోయాను. నీ ఉత్తరం యోహానుకు చదివి వినిపించాను. మొత్తం విన్నాడు. బీడీ ముట్టించాడు.

"బండి ఎనకకు పోతే ఏమాయె? నువ్వు ఎనకకు తిరిగి కూసో."

"మా బావ అయితే గిట్ల అనడు. ఎందుకు పోతాందో చెప్తడు."

"చెప్పుమను మరి! ఎన్నొద్దులాయె, కాయితాలు పంపుడే గనీ మనిషి మాట ఇనవడ్తలేదు. కాయితం మీద అయితే నేను గూడ ఇమానం నడుపుత. తెలిసినోడైతే వచ్చి నా ముంగట నోటితోని చెప్పుమను."

నేను ఊరుకోలేదు. ఆయనకు ఒంట్లో బాగాలేదు అన్నాను. "నోట్ల గూడ బాగ లేదా?" అన్నాడు. రాయవద్దనుకున్నాను, కానీ మన మధ్య దాపరికాలు ఎందుకు?

నీ ఐలేశం

*

చౌటుప్పల్,
9 ఆగస్టు

ఐలేశం అన్నకు రాజమణి దండాలు.

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, కూడబలుక్కుని చదువు. ఆయనకు తెలియకుండా రాస్తున్న.

అన్నా, ఎవరే ఆ యోహాను? నీ ఉత్తరం వచ్చిన దినం ఈయన అన్నం ముట్టలేదు. పొద్దున లేచి చూస్తే అద్దం ముందు నిలబడ్డడు. నోరు ఇంత తెరిచి "యో... యో..." అంటున్నడు. నేను దడుసుకున్న. మళ్లా వాతం వచ్చిందేమో అనుకున్న. తీరా వింటే "యోహాను" అంటున్నడు. ఆ తర్వాత తిట్టు. మళ్లా "యోహాను". మళ్లా ఇంకో తిట్టు. తిట్లు మంచిగనే వస్తున్నయి గానీ పేరు దగ్గర నాలుక మడత పడుతుందని మళ్లా మొదటి నుంచి అందుకుంటున్నడు.

ఉగాది నుంచి ఇంట్లో నా గొంతు తప్ప ఇంకో గొంతు లేదన్నా. నా గొంతుకు నాకే విసుగు పుట్టింది. నిన్న చాయ ఇచ్చి "చక్కెర సరిపోయిందా" అని అడిగితే తల ఊపలేదు. "ఇంకొంచెం" అన్నడు. నేను వంటింట్లకు పోయి చక్కెర డబ్బా ముందు కూసుండి ఏడ్చిన.

చిటికి కూడా కడుతున్నడు. పట్టీ ఒక కొస పండ్లతో పట్టి, ఎడమచేతితో చుడుతున్నడు. వంకరగా వస్తుంది, విప్పి మళ్లా కడుతున్నడు.

ఆ మేస్త్రీ ఎవరో గానీ ఒక్కసారి మా ఇంటికి తోలుకరా. కడుపు నిండ బువ్వ పెడత.

నీ చెల్లె రాజమణి

*

చౌటుప్పల్,
12 ఆగస్టు

ఐలేశా,

ఇంజిను ఉల్టా తిరుగుతోంది. ఆ రకం ఇంజిను ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, దానికి ముందూ వెనకా తెలియదు, నీలాగే. పాయింట్ల పళ్లెం పక్కకు జరిగింది. నువ్వు కిక్కు భయం భయంగా సగమే తొక్కి ఉంటావు. అది నిన్ను వెనక్కి తన్ని, ఆ ఊపులో ఉల్టా అందుకుంది. పళ్లెం మీద పాత గీత ఉంటుంది, ఆ గీత దగ్గరికి జరిపి బిగించు. కిక్కు మొత్తం తొక్కు, మొగోని తొక్కు తొక్కు.

ఆ యోహానుకు ఇది తెలియదంటే వాడు మేస్త్రీ కాదు. వచ్చే గురువారం కట్టంగూర్ వస్తున్నాను. షెడ్డులో ఉండమను. ఏం చెప్పాలో నోటితోనే చెప్తాను.

వెంకటరాజం

*

కేతేపల్లి,
16 ఆగస్టు
(పోస్టుకార్డు)

బావా, రాకు. యోహాను లేడు. మేనకోడలి లగ్గం అని పాలమూరు పోయాడు. ఎప్పుడు వస్తాడో తెలియదు. కాలు బాగాలేని మనిషివి, బస్సులు ఎక్కకు. ఈ కార్డు అందగానే ఆగిపో. నీ ఐలేశం

*

చౌటుప్పల్,
20 ఆగస్టు

ఐలేశా,

నీ కార్డు నేను తిరిగి వచ్చినంక అందింది.

గురువారం కట్టంగూర్‌లో దిగాను. కండక్టర్ రెక్క పట్టి దింపాడు. రాజమణి వెంట వస్తానంటే వద్దన్నాను. తిట్లు ఆడమనిషి ముందు తిట్టేవి కావు.

స్టేజీ దగ్గర చాయ కొట్టులో అడిగాను, యోహాను మేస్త్రీ షెడ్డు ఎక్కడని. "ఏందీ?" అన్నాడు. వెనక్కి తిరిగి బస్సెక్కి ఇంటికి పోదామనుకున్నాను. చెమట పట్టింది. మళ్లీ చెప్పాను. "ఆ, యోహానా? ఎరకలేదు, అవుతల అడుగు" అన్నాడు. అవుతల అడిగాను. సిమెంటు దుకాణం, ఎరువుల దుకాణం, టమాటలమ్మే ముసలమ్మ. ముసలమ్మకు చెముడు. ఆమెకు నేను అరిచి చెప్పాల్సి వచ్చింది. ఉగాది తర్వాత నేను అరవడం అదే మొదలు. ఆమె నా ముఖంవైపు వింతగా చూడలేదు. "అరుస్తవేంది, గింత మెల్లగ చెప్తే ఇనవడదా?" అంది.

చివరికి ఏసోబు అని పంక్చర్లు వేసే ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు.

"మా చర్చిల ఇద్దరు యోహానులు ఉన్నరు పెద్దమనిషీ. ఒకాయన పాలు పోస్తడు. ఇంకొకాయనకు కండ్లు కనవడవు. బండ్లు చేసే యోహాను ఈ రోడ్డు మీద ఎవ్వడూ లేడు. గీ జాగాల నేను చిన్నపిల్లగాన్నప్పటి సంది ఉంటున్న."

ఆరడుగులు ఉంటాడన్నాను, మీసాలకు గ్రీజు ఉంటుందన్నాను. ఆయన నవ్వి, "గసుంటోడు ఉంటే నాకు గిరాకి ఉండకపోవు" అన్నాడు.

కేతేపల్లికి వచ్చి నీ గల్లా పట్టుకుందామనుకున్నాను. కాలు వద్దంది.

ఐలేశా, ఒక్కటే అడుగుతున్నాను. వాడు ఉన్నాడా, లేడా?

వెంకటరాజం

*

కేతేపల్లి,
24 ఆగస్టు

బావా,

ముందుగా శుభవార్త. పళ్లెం గీత దగ్గరికి జరిపాను, కిక్కు మొత్తం తొక్కాను. బండి ముందుకే పోతోంది. మూసీ కాలువ గట్టు దాకా పోయి వచ్చాను. వచ్చేటప్పుడు తోసుకుంటూ వచ్చాననుకో, పోవడం మాత్రం దర్జాగా పోయాను. భద్రమ్మ ఎక్కనంటోంది. "ఎనకకు కూసుంటే ఎటు పోతదో, ముందల కూసుంటే ఎటు పోతదో, నాకు గీ పరేషాన్ వద్దు" అంటోంది.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది, చించడానికి కాయితాలు అయిపోయాయి.

కోడి పొదిగింది నిజం. పొట్టేలు లైటును గుద్దింది నిజం. పల్లినూనె నిజం, నర్సింగమ్మ ఇప్పటికీ నా బండి చప్పుడు వింటే గిన్నె తెస్తుంది. వెనక్కి పోయి పెంటలో కూర్చున్నది నిజం, అంత సిగ్గుచేటు సంగతిని ఎవడన్నా కల్పిస్తాడా? విప్పింది నేనే, బిగించింది నేనే, అందుకే ఇంకా ఒక నట్టు మిగిలే ఉంది, ఎక్కడిదో తెలియదు. కట్టంగూర్‌కు నేను బండి తెచ్చుకోవడానికి తప్ప ఇంకోసారి పోలేదు.

జూన్ నెలలో నీ ఉత్తరం వచ్చిన దినమే రాజమణి భద్రమ్మకు ఫోన్ చేసి బాధపడింది. దవాఖాన అమ్మాయి నీ చేత ఏ మూడు కూతలు అనిపిద్దామనుకుందో చెప్పింది. నువ్వు నోరు తెరవడం లేదని చెప్పింది. భద్రమ్మ బియ్యం చెరుగుతూ నాకు చేసి చూపించింది. "పెదాలు సున్నలెక్క పెట్టి 'యో' అనాల్నట. నోరు బార్ల తెరిచి 'హా'. మల్ల నాలుక పండ్లకు తగిలిచ్చి 'ను'. గంతే. గిది గూడ అంటలేడట మనిషి."

నేను కార్బురేటర్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. యో. హా. ను. నువ్వు అంగన్‌వాడి పిల్లగాడివి కాదు, కూతలు కూయవు. సరే. కానీ తిట్టడానికి నీకు ఎప్పుడన్నా సోమరితనం ఉందా? ఏడో తరగతిలో సారునే తిట్టినోడివి. ఆ మూడు కూతలకు మీసాలు పెట్టాను. ఆరడుగుల ఎత్తు పెట్టాను. చేతికి పానా ఇచ్చాను. వాడు నిన్ను అన్న ప్రతి మాటా నేనే అన్నాను బావా.

చెప్పకుండా ఇంకొన్నాళ్లు దాచేవాణ్ణే. పాలమూరు లగ్గం అయ్యాక వాణ్ణి బొంబాయి పంపుదామనుకున్నాను. ఎందుకంటే నాకు ఒక భయం ఉంది. వాడు లేడని తెలిస్తే నీ కోపం చల్లారుతుంది, కోపం చల్లారితే మళ్లీ గోడవైపు తిరుగుతావని. కానీ టమాటల ముసలమ్మ మీద అరిచిన మనిషికి ఇంకా అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

కాబట్టి రాజమణికి చెప్పు, బువ్వ వండనక్కర్లేదు. యోహాను లేడు. ఎప్పుడూ లేడు. నువ్వు తిట్టాల్సినోడు కేతేపల్లిలో, గొర్ల దొడ్డి పక్కన, ఒక మిగిలిన నట్టు జేబులో వేసుకుని కూర్చున్నాడు. వాడి పేరు పలకడం ఇంకా సులువు.

నా నంబరు పాతదే. ఎత్తుతాను.

నీ ఐలేశం